అలాస్కా ఓడలో రంగుల పెట్టె: ఎక్కడ కూర్చుంటే బొమ్మ కుదురుతుంది

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో అలాస్కా క్రూజ్‌కి వెళ్లిరాని కుటుంబం తక్కువ. వచ్చినవాళ్లంతా తిండి గురించీ తిమింగలాల గురించీ చెబుతారు. నాకు కావాల్సిన సమాచారం వేరు. నీటిరంగులు, స్కెచ్‌బుక్ పట్టుకెళ్తే ఆ ఓడలో నిజంగా పని జరుగుతుందా? జరిగితే ఏ మూల కూర్చోవాలి? జూన్‌లో మా ఆయన, అత్తగారితో కలిసి వెళ్లొచ్చాను. ఇదే ఆలోచన ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు గది సంగతి. మేం బాల్కనీ గది తీసుకున్నాం. పొద్దున్నే కాఫీ తాగుతూ కొండలు చూడటానికి హాయిగా ఉంది, కాదనను. కానీ బొమ్మలు వేసేవాళ్లకు అంత డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఎప్పుడూ ఓడకు ఒక పక్కే కనిపిస్తుంది, మంచి కొండ సరిగ్గా అవతలి పక్కనుంచి వెళ్తుంది. కిటికీ లేని లోపలి గది తీసుకుని, మిగిలిన డబ్బు రేవుల్లో ఖర్చు పెట్టుకోవడం నయం. బుక్ చేసేముందు చూడాల్సింది ఇంకొకటి: ఓడ చుట్టూ నడవడానికి కింద ప్రొమెనాడ్ డెక్ ఉందా, లేదా. పైన కప్పు ఉంటుంది కాబట్టి చినుకులు పడవు, నీటికి దగ్గరగా ఉంటాం, గాలి కూడా కాస్త తక్కువ. అందరూ ఎగబడే పై డెక్‌లో అట్టకు నాలుగు క్లిప్పులు పెట్టినా కాగితం ఆగదు. ముందువైపు అద్దాల లాంజ్ వెచ్చగా ఉంటుంది కానీ మా ఓడలో అద్దాలకు లేత రంగు ఉంది. దానిలోంచి చూసి రంగులు కలిపితే బయటికొచ్చాక అన్నీ తేడాగా కనిపిస్తాయి. అక్కడ పెన్సిల్ పనే మేలు.

ఆయిల్ పెయింట్స్ ఇంట్లోనే వదిలేయండి. టర్పెంటైన్ లాంటి మండే ద్రవాలను ఓడ ఎక్కనివ్వరు. నీటిరంగులకు వచ్చే చిక్కు తేమ. ఒక పూత ఆరడానికి ఇంట్లో పట్టే టైమ్‌కి రెండు మూడు రెట్లు పడుతుంది. గదిలో ఉన్న హెయిర్ డ్రయ్యర్ నా జుట్టుకంటే కాగితాలకే ఎక్కువ పనికొచ్చింది.

ఇక అసలు చోటు గ్లేసియర్ బే, హిమానీనదాలు దిగివచ్చే పొడవాటి అఖాతం, జాతీయ పార్కు. వేసవిలో రోజుకు రెండు పెద్ద ఓడలనే లోపలికి రానిస్తారు. పొద్దున్నే బార్ట్‌లెట్ కోవ్ దగ్గర పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి, నిచ్చెన మీదుగా మన ఓడలోకి ఎక్కుతారు. ఆ రోజంతా మైకులో వాళ్ల గొంతే. చాలామంది దాన్ని పట్టించుకోలేదు కానీ నా పేజీలకు దారి చూపించింది వాళ్లే. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ దళం వచ్చినప్పుడు ఇక్కడ లోపలికి వెళ్లే దారే లేదు, మంచుగోడ దాదాపు ముఖద్వారం దాకా ఉంది. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి అది ముప్పై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు చివరి హిమానీనదం చూడాలంటే 65 మైళ్లు లోపలికి వెళ్లాలి.

అంటే ముఖద్వారం దగ్గర నేల మంచులోంచి ముందు బయటపడింది, లోపలికి పోయేకొద్దీ ఈమధ్య బయటపడ్డ నేల. అడవి వయసు కూడా అలాగే తగ్గుతూ వస్తుంది. మొదట నల్లగా కనిపించేంత చిక్కటి స్ప్రూస్, హెమ్లాక్ చెట్లు. తర్వాత ఆల్డర్ పొదల లేత పచ్చ. ఆ తర్వాత నాచు పట్టిన బండలు, చివరికి ఏమీ మొలవని రాయి. నేను మడతల పుస్తకం తీసుకెళ్లాను, జపాన్‌వాళ్లు చేసే రకం, లాగితే పొడవుగా తెరుచుకుంటుంది. గంటకో అంగుళం చొప్పున ఆ పచ్చదనం పలచబడటాన్ని పట్టీలా వేసుకుంటూ పోయాను. ఇండిగో, శాప్ గ్రీన్‌తో మొదలై బర్న్‌ట్ సియెన్నాతో ముగిసింది. నీళ్ల రంగూ మారుతుంది. మంచు నూరిన రాతిపొడి కలవడంతో బియ్యం కడిగిన నీళ్లలో పచ్చరంగు వేసినట్టు ఉంటుంది. అందుకు కొంచెం తెల్ల గువాష్ (కింది రంగు కనపడకుండా కప్పే చిక్కటి నీటిరంగు) దగ్గరుంచుకోవాలి.

మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ గంటసేపు ఆగింది. ఆగింది అంటే కదలకుండా కాదు, అందరికీ కనపడాలని నెమ్మదిగా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఈ హిమానీనదం పొడవు 21 మైళ్లు, ముందుభాగం మైలు వెడల్పు, నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తు. పేజీలో మూడు చిన్న గడులు గీసుకుని, ఒక్కోదాంట్లో వెలుగునీడలు మాత్రం పెన్సిల్‌తో వేశాను. మూడోది పూర్తయ్యేసరికి మొదటి గడిలో వేసిన పగులు కనిపించడమే లేదు. రంగు ఒక్కదానికే వేశాను.

అత్తయ్యగారు దుప్పటి కప్పుకుని పక్కనే కూర్చున్నారు. "మంచు తెల్లగా కదమ్మా ఉంటుంది, నీలం ఎందుకు పూస్తున్నావు?" అన్నారు. "ఆ పగుళ్లలోకి చూడండి అత్తయ్యా" అన్నాను. కాసేపు చూసి, "నిజమే, లోపల దీపం పెట్టారా ఏంటి" అన్నారు. బరువుకు నొక్కుకుపోయి గాలి బుడగలు బయటికి పోయిన మంచు అది. ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని వదులుతుంది. అందుకే గోడంతా నీలం పూయకూడదు. కాగితం తెలుపు అలాగే వదిలేసి, పగుళ్లలో మాత్రం కోబాల్ట్ టర్కాయిస్ పలచగా చుక్కలు పెడితే చాలు. మంచు విరిగి పడేది బొమ్మలో పడుతుందని ఆశపడకండి. చప్పుడు విని తలెత్తేలోపు అంతా అయిపోతుంది.

పక్కనే గ్రాండ్ పసిఫిక్ గ్లేసియర్ ఉంది. దాని మీదంతా రాళ్లూ మట్టీ పేరుకుని నల్లగా ఉండటంతో అటువైపు ఫోన్ ఎత్తినవాళ్లే తక్కువ. బ్రష్ ఉన్నవాళ్లకు మార్జరీ కంటే అదే సులువు, అందమూ ఎక్కువే. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలిపిన బూడిదరంగుతోనే సగం పని అయిపోతుంది. 1899లో రైల్వే యజమాని హారిమన్ నడిపిన యాత్ర ఓడ ఈ ప్రాంతానికి శాస్త్రవేత్తలతో పాటు చిత్రకారులనూ తీసుకొచ్చింది. పక్షుల బొమ్మలకు ఫ్యూయెర్టెస్, ప్రకృతి దృశ్యాలకు గిఫర్డ్, డెలెన్‌బా. వాళ్లకు ఒడ్డున దిగి గుడారాలు వేసుకునే వీలుంది. మనకు డెక్కే దిక్కు.

మిగతా రేవుల్లో జూనో బాగుంది. బస్సులో మెండెన్‌హాల్ హిమానీనదం దాకా వెళ్లి, నగ్గెట్ ఫాల్స్ కాలిబాటలో నడిచి బండ మీద కూర్చుంటే రెండు గంటలు ఎవరూ లేవమనరు. జలపాతానికి మరీ దగ్గరికి పోతే తుంపరలకు కాగితం తడుస్తుంది. స్కాగ్వేలో 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టిన వైట్ పాస్ రైలు మార్గం ఎక్కాం. ఇరవై మైళ్లలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. చూడటానికి అద్భుతం, గీయడానికి సున్నా. కెచికాన్‌లో వాన ఎప్పుడు పడుతుందో అని టెన్షన్ పడక్కర్లేదు, పడుతూనే ఉంటుంది. క్రీక్ స్ట్రీట్‌లో కాలువ మీద కర్ర స్తంభాలపై నిలబెట్టిన ఇళ్లు ఉన్నాయి. ఏదైనా చూరు కింద నిలబడి ఇంకు పెన్నుతో గీయడానికి అవి సరిగ్గా సరిపోతాయి.

ఓడలో పెయింటింగ్ క్లాసు కూడా పెట్టారు, విడిగా డబ్బు కట్టించుకుని. కిటికీ బయట నిజమైన కొండలు పోతుంటే అందరిచేతా ఒకే ఫొటోలోని కొండను కాపీ చేయించారు. నేను మధ్యలో లేచొచ్చాను. భోజనం మాత్రం వంక పెట్టలేం. ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే పప్పు, కూర, రోటీ చేసి పెట్టారు. ఆవకాయ మాది.

సియాటెల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు వేరే దేశాల జెండాతో తిరుగుతాయి. 1886 నాటి అమెరికా చట్టం వల్ల అవి మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి, అందుకే కెనడాలోని విక్టోరియా. భారత పాస్‌పోర్ట్ మీద ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి, గ్రీన్‌కార్డు ఉంటే అక్కర్లేదు. మా ఓడ అక్కడ సాయంత్రం ఆగింది. బొమ్మలకు ఆ టైమ్ చాలదు. ఇంకోటి, కొన్ని ఓడలు గ్లేసియర్ బేకి పోకుండా ఎండికాట్ ఆర్మ్‌లో డాస్ గ్లేసియర్ చూపించి తిరిగొస్తాయి. రెండు ప్రకటనల్లోనూ హిమానీనదం ఫొటో ఒకేలా ఉంటుంది. రూటులో గ్లేసియర్ బే పేరు కనిపించిందాకా డబ్బు కట్టకండి.