కృతికర్త ఎవరు? – ఒక ఆన్‌లైన్ కోర్సు గురించి

ప్రాచీన తెలుగు కావ్యాల్లో రచయిత అంటే ఎవరు అన్న విషయం మీద పది పాఠాల వీడియో కోర్సు ఒకటి కొన్నాను. ఫీజు 1,500 రూపాయలు. నోట్స్ గురించి కాస్త గట్టిగానే చెప్పాల్సి ఉంది కాబట్టి కోర్సు పేరు, మాస్టారి పేరు రాయడం లేదు. పాఠాలు మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం చేశాయి.

నాది ప్రూఫులు చూసే పని. ఒకరు చెప్పింది ఇంకొకరు రాసి, వేరొకరు దిద్ది, చివరికి మరెవరి పేరుతోనో అచ్చయ్యే పుస్తకాలు నా చేతుల మీదుగా చాలానే వెళ్ళాయి. ఈ కోర్సు మీద ఆసక్తి అలా పుట్టిందే.

మాస్టారు సిద్ధాంతాల జోలికి పోకుండా నేరుగా కావ్యాల మొదట్లో ఉండే అవతారికలు తెరుస్తారు. కవి తన ఊరూ పేరూ, వంశం, కావ్యం ఎవరు అడిగారు, ఎవరికి అంకితమిస్తున్నాడు, అన్నీ అక్కడే చెప్పుకుంటాడు కదా. పాతకాలం కవులకు పేరు మీద ఆశ లేదనుకునేవాళ్ళకి మొదటి పాఠం చాలు. అందులోనే నన్నయ తనకు సాయపడిన నారాయణభట్టును ఎలా తలచుకున్నాడో చూపించారు. భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడైనట్టు తోడయ్యాడని, పేరు పెట్టి మరీ చెప్పాడు, 11వ శతాబ్దంలో. ఇప్పటి పుస్తకాల్లో అలాంటివాళ్ళకి కృతజ్ఞతల పేజీ అడుగున ఒక లైను దొరికితే గొప్ప.

కోర్సుకి ప్రాణం ఎఱ్ఱన పాఠం. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, అంటే నాలుగో అధ్యాయంలో, ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలేసి, విరాటపర్వం నుంచి అందుకుని 15 పర్వాలు రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన ఆ మిగిలిన భాగం పూరించాడు. ఆయన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి. కానీ ఈ పూరణ అంకితం మాత్రం నన్నయ చేత భారతం రాయించి, ఎప్పుడో కాలం చేసిన రాజరాజనరేంద్రుడికే. పర్వం చివర తన పేరు చెప్పుకుంటూనే, నన్నయ కవితారీతి కొంత తోచేలా, ఆయన రచనే అన్నట్టుగా పూర్తి చేశానంటాడు. పేరూ కావాలి, కనపడకుండానూ ఉండాలి! నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగితే, ఎఱ్ఱన శరత్కాలపు ఉదయాలతో మొదలుపెట్టాడు. మాస్టారు ఇద్దరి పద్యాలూ పేర్లు చెప్పకుండా వరసగా చదివి, ఎక్కడ చెయ్యి మారిందో చెప్పమంటారు. ఈ పద్యాలు ముందే తెలిసినవాళ్ళకి ఈ ఆట చెల్లదనుకోండి. అయినా వాటి నడక గురించి ఆయన చెప్పిన నాలుగు మాటలు మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్నాను.

రామాయణాల పాఠం కూడా బాగుంది. గోన బుద్ధారెడ్డి తన తండ్రి పేరు మీద ద్విపద రామాయణం చెబితే, లోకం దాన్ని రంగనాథ రామాయణం అంటోంది. భాస్కర రామాయణంలో నలుగురి చేతులున్నాయి, అందులో భాస్కరుడి కొడుకు మల్లికార్జునభట్టు ఒకడు. పుస్తకం మీద పేరు మాత్రం ఒక్కటే. క్రీడాభిరామం రాసింది ఎవరన్న విషయంలో వినుకొండ వల్లభరాయుడి పక్షం, శ్రీనాథుడి పక్షం రెండూ వినిపించి, తీర్పు ఇవ్వకుండా వదిలేశారు. అది నాకు నచ్చింది.

పోతన దగ్గర మాస్టారు కొంచెం కొంటెగా అడిగారు. పోతన చెప్పుకున్నట్టు భాగవతం పలికించేవాడు రామభద్రుడైతే, అందులో ఐదో స్కంధం రాసిన గంగన చేత, ఆరో స్కంధం రాసిన సింగన చేత పలికించింది ఎవరని. జవాబు సగంలో ఆపి తరువాతి విషయానికి వెళ్ళిపోయారు. అదేం బాగోలేదు.

అసలు లోపం ఇంకోచోట ఉంది. అన్నీ అవతారికల్లోంచే చూస్తే, అవతారిక లేని కవిత్వం ఏం కావాలి? అన్నమయ్య, వేమన ఇద్దరినీ కలిపి ఒకే పాఠంలో కానిచ్చేశారు. పదంలో వేంకటేశ్వరుడి పేరు ముద్రగా ఉంటుంది, అన్నమయ్య పేరు ఉండదు. అటు చూస్తే వేమన మకుటం తగిలించి ఎవరు పద్యం అల్లినా అది వేమన ఖాతాలో పడిపోతుంది. నన్నడిగితే దీనికే మూడు పాఠాలు కావాలి. మొల్లకి దక్కింది ఇంకా తక్కువ. తనకి శాస్త్రాలూ నిఘంటువులూ ఏమీ తెలియవని ఆమె చెప్పుకున్న మాటని వినయం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తర్వాత అంత సాఫీగా రామాయణం నడిపిన మనిషి ఆ మాట ఎందుకు అన్నదో ఆలోచించొద్దా?

ప్రశ్నల కోసం పెట్టిన లైవ్ క్లాసు మొత్తాన్ని ఆముక్తమాల్యద మింగేసింది. రాయలే రాశాడని ఒక వర్గం, కాదు పెద్దన రాసిపెట్టాడని ఇంకో వర్గం. ఇద్దరూ కొట్టుకోలేదు గానీ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇక నోట్స్. స్కాన్ నుంచి యంత్రం చేత అక్షరాలు తీయించి, ఎవరూ చూడకుండా పంపినట్టున్నారు. బండి ఱ లన్నీ మామూలు ర లైపోయాయి, అరసున్నలు మాయం. కొన్ని పద్యాల్లో యతి స్థానంలో వేరే అక్షరం కూర్చుంది. ఏ పద్యం కిందా ఆశ్వాసం సంఖ్య లేదు, వెతుక్కోవాలంటే మన తిప్పలు మనం పడాలి. ఊరుకోలేక తప్పులన్నీ దిద్ది మెయిల్ చేశాను. సవరించిన పీడీఎఫ్ వచ్చింది, నా దిద్దుబాట్లన్నీ అందులో ఉన్నాయి, నా పేరు లేదు.

పద్యం చదివే అలవాటు బొత్తిగా లేనివాళ్ళు మొదటి పాఠం ఉచితంగా చూసి నిర్ణయించుకోండి. మాస్టారు తాత్పర్యం చెబుతారు గానీ పదవిభాగం చేయరు. కొన్నవాళ్ళు పక్కన అచ్చు భారతం పెట్టుకుంటే మేలు. వీడియోలు ఏడాది తర్వాత తెరుచుకోవు, డౌన్‌లోడ్ సౌకర్యం లేదు.