లైట్ స్ప్రింగ్‌లు అని చెప్పి పాతవాటికి రంగేసి అంటగట్టారు, జాగ్రత్త

మినెసోటాలో స్నోమొబైల్ (మంచు మీద తిరిగే బండి) నడిపే మనవాళ్ళ కోసం రాస్తున్నా. షాపు పేరు రాయను. "అక్కడ చవక" అని మనలో మనమే చెప్పుకుంటామే, అదే. ఇక్కడ తిరిగేవాళ్ళకి అర్థమైపోతుంది.

పోయిన ఏడు సెకండ్ హ్యాండ్ స్లెడ్ కొన్నా, స్నోమొబైల్‌నే ఇక్కడ అలా అంటాం. నా బరువు 62 కిలోలు. దాని వెనక స్ప్రింగ్‌లేమో బాగా బరువున్న మనిషికి పెట్టినవి. గతుకు వస్తే సస్పెన్షన్ కదలదు, నేనే ఎగురుతా. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే బిగించి ఉంచే బిగువు, పూర్తిగా తగ్గించినా నేను కూర్చుంటే వెనక బంపర్ అంగుళం కూడా దిగదు. రెండు మూడు అంగుళాలైనా దిగాలి కదా. నార్త్ షోర్ ట్రయిల్ మీద ఒకరోజు తిరిగొస్తే రెండు రోజులు నడుం పట్టుకుని ఆఫీసు మీటింగులు. అందుకే 0.347 అంగుళాల సన్న తీగ టోర్షన్ స్ప్రింగ్‌లు (మెలితిరిగి పనిచేసేవి) ఆ షాపులో తెచ్చా. జత 240 డాలర్లు.

శనివారం గరాజ్‌లో నాలుగు గంటలు పట్టింది. వేళ్ళ మీద తోలు లేచిపోయింది. ఎక్కి కూర్చున్నా. బంపర్ అంగుళం కూడా దిగలేదు! నేనే తప్పు బిగించానేమో అని మళ్ళీ విప్పి మళ్ళీ బిగించా. అప్పటికిగానీ మందం కొలిచే కాలిపర్ గుర్తు రాలేదు. తీగ మందం 0.375. అచ్చం నా పాతవాటి కొలతే. డబ్బా మీద మాత్రం 0.347 అని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే కొత్త నలుపు కింద పాత ఎరుపు, స్ప్రింగ్ కాలు ఆనే చోట అరిగిన గీత. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

ఇంత సన్న తేడాకి గొడవేంటి అంటారేమో. గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మిగతావన్నీ ఒకటే అయితే ఈ కాస్త తేడాకే 36 శాతం ఎక్కువ. ఈ లెక్క నాకు ముందే తెలుసు. కాలిపర్ ఇంట్లో పెట్టుకుని కొలవకుండా బిగించిన ఇంజనీరుగారిని నేనే.

సోమవారం షాపుకి పట్టుకెళ్ళా. కౌంటర్ దగ్గరున్నాయన స్ప్రింగ్ వైపు చూడనే లేదు. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "బిగించిన పార్టు వాపసు తీసుకోం" అన్నాడు. గీకిన చోటు చూపించా. "స్ప్రింగ్ బాగానే ఉంది, నువ్వే సన్నం. నాలుగు బర్గర్లు తిను, అదే దిగుతుంది" అన్నాడు. వెనక లైన్లో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వా! నవ్వి, "థాంక్యూ" చెప్పి మరీ బయటికొచ్చా. డబ్బు పోయినందుకు కాదు, ఆ థాంక్యూకే రాత్రి నిద్ర పట్టలేదు. పార్కింగ్‌లో హీటర్ వేసుకుని కూర్చున్నాక అనాల్సిన మాటలన్నీ గుర్తొచ్చాయి, వరసగా, మంచి ఇంగ్లీషులో. 240 డాలర్లకి రంగేసిన ఇనుము, ఫ్రీగా డైట్ ప్లాన్. ఇంట్లో చెప్తే మా ఆవిడ "అన్నం పెట్టనా?" అంది.

డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేశా. గీకిన చోటు ఫొటోలు, కాలిపర్ ఫొటోలు అన్నీ పంపా.

మీరు కొంటే డబ్బా విప్పగానే, బిగించకముందే, రెండూ కొలిచి ఫొటో తీసుకోండి. కుడిదీ ఎడమదీ ఎదురెదురు చుట్లు, అదీ చూసుకోండి. కార్డుతోనే కట్టండి.

స్లెడ్ వెనక స్ప్రింగ్‌లు లేకుండా గరాజ్‌లో స్టాండ్ మీద ఉంది. బయట రాత్రి నుంచి మంచు ఆగకుండా పడుతోంది.