ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం అసెంబుల్ చేసిన పీసీ: 7800ఎక్స్3డీ, 64 జీబీ ర్యామ్, 16 జీబీ కార్డు – వేసవులు దాటాక సమీక్ష

ముందు ఏమేం ఉన్నాయో చెప్తాను. ప్రాసెసర్ ఏఎమ్‌డీ రైజెన్ 7 7800ఎక్స్3డీ. బీ650 చిప్‌సెట్ మదర్‌బోర్డు. డీడీఆర్5-6000, సీఎల్30 ర్యామ్ (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం, తక్కువైతే మంచిది), 32 జీబీ స్టిక్కులు రెండు. 16 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) ఉన్న ఆర్‌టీఎక్స్ 4070 టీఐ సూపర్ గ్రాఫిక్స్ కార్డు. విండోస్‌కి 1 టీబీ, సిమ్‌కి విడిగా 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. 850 వాట్ల గోల్డ్ పవర్ సప్లై, రెండు టవర్ల ఎయిర్ కూలర్, ముందంతా జాలీ ఉన్న క్యాబినెట్, 34 అంగుళాల 3440×1440 మానిటర్. దీని మీద నడిచేవి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, 2024, అప్పుడప్పుడు ఎక్స్-ప్లేన్ 12. ఎక్కువగా ఎయిర్‌లైనర్లే: ఫెనిక్స్ ఏ320, పీఎండీజీ 737 (సిమ్‌కి విడిగా చేర్చుకునే విమానాలు).

ఇంతకాలం వాడాక నా అభిప్రాయం మారలేదు, ఇంకా గట్టిపడింది. సిమ్ కోసం కట్టే పీసీలో డబ్బు ముందు ప్రాసెసర్‌కి, తర్వాత ర్యామ్‌కి, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లాలి. గేమింగ్ పీసీ అనగానే ఎక్కడైనా ముందు కార్డు ఎంచుకుని, మిగిలిన డబ్బులో ప్రాసెసర్ సర్దుతారు. షూటింగ్ గేములకు ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. హీత్రో లాంటి విమానాశ్రయంలో ట్రాఫిక్ పెట్టుకుని ఏ320 దింపేవాళ్లకు మాత్రం పనికిరాదు.

కారణం మెయిన్ థ్రెడ్, అంటే ప్రాసెసర్ ఒకే కోర్ మీద వరుసగా చేసే ప్రధాన పని. విమానం సిస్టమ్స్, గాలిలో దాని కదలిక, చుట్టుపక్కల ట్రాఫిక్, కింద నేల ఎంత వివరంగా కనిపించాలన్న లెక్క – వీటిలో చాలా భాగం ఒకే థ్రెడ్ మీద పడుతుంది. పైగా ఆ లెక్కలకు కావాల్సిన డేటా మెమరీలో ఎక్కడెక్కడో చెదిరి ఉంటుంది. ప్రతిసారీ ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలంటే ఆలస్యం. 7800ఎక్స్3డీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ. అదే తరం, అవే 8 కోర్లు ఉన్న 7700ఎక్స్‌లో 32 ఎంబీ. గరిష్ఠ క్లాక్ 7700ఎక్స్‌దే ఎక్కువ, అయినా సిమ్‌లో గెలిచేది ఎక్స్3డీ. ఆ తేడా సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పే సగటు ఎఫ్‌పీఎస్‌లో కంటే దిగే ముందు చివరి దశ అయిన ఫైనల్‌లో తల తిప్పి రన్‌వే చూసినప్పుడు వచ్చే కుదుపుల్లో బాగా తెలుస్తుంది.

టాస్క్ మేనేజర్ చూసి చాలామంది ఇక్కడే పొరబడతారు. సీపీయూ వాడకం 20 శాతమే చూపిస్తోంది కాబట్టి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుని కార్డు మార్చేస్తారు. 16 థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 6 శాతమే. సరైన పరీక్ష వేరే ఉంది. సిమ్‌లో డెవలపర్ మోడ్ తెరిచి ఎఫ్‌పీఎస్ డిస్‌ప్లే పెట్టండి. 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అని వస్తే అడ్డం ప్రాసెసర్, జీపీయూ అని వస్తే అడ్డం కార్డు. దాన్ని ఖాయం చేసుకోవడానికి, చిత్రాన్ని ఎంత స్పష్టతతో గీయాలో చెప్పే రెండర్ స్కేలింగ్‌ను 100 నుంచి 70కి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అక్కడ ఉపయోగం లేదు.

ఈ పరీక్షను గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఎగిరి చేయకండి. మామూలు సీనరీతో మన విమానాశ్రయాలు తేలిక. 4260 మీటర్ల శంషాబాద్ రన్‌వే మీద హాయిగా దిగిన సెట్టింగులే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూలబడతాయి. మీరు ఎగిరే చోట్లలో అన్నిటికంటే బరువైన విమానాశ్రయంలో, అన్నిటికంటే బరువైన విమానంతో, సాయంత్రం మబ్బుల్లో చూడండి.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు 9800ఎక్స్3డీ దొరికితే అదే తీసుకోండి. అందులో క్యాష్ కోర్ల కిందికి వెళ్లింది కాబట్టి వేడి తేలిగ్గా బయటికొస్తుంది. పాత ఏఎమ్4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్లు బోర్డూ ర్యామూ మార్చకుండా 5700ఎక్స్3డీ గానీ 5800ఎక్స్3డీ గానీ పెట్టుకోవచ్చు. రెండింటిలోనూ 96 ఎంబీ క్యాషే. ప్రాసెసర్ పెట్టేముందు బోర్డు బయాస్‌ను అప్‌డేట్ చేయాలి, లేకపోతే పీసీ అసలు బూట్ కాకపోవచ్చు. 7950ఎక్స్3డీ మాత్రం సిమ్ ఒక్కదానికే అయితే వద్దంటాను. అందులో రెండు సీసీడీలు (కోర్లుండే ముక్కలు) ఉన్నా అదనపు క్యాష్ ఒకదానికే ఉంటుంది. విండోస్ ఆటను రెండోదాని మీదికి పంపిందంటే పెట్టిన డబ్బు వృథా. వీడియో ఎడిటింగ్ కూడా చేసేవాళ్లకైతే అది వేరే లెక్క.

ర్యామ్ విషయంలో 32 జీబీ కనీసం, 64 జీబీ సుఖం. 2024 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క కనీసం 16, సిఫారసు 32, ఆదర్శం 64. ఈ 16 జీబీ మాటను పట్టించుకోకండి. ఎయిర్‌లైనర్, అదనపు విమానాశ్రయం, ఆన్‌లైన్ ట్రాఫిక్, పక్కన చార్టులున్న బ్రౌజర్ కలిస్తే 32 జీబీ కూడా ఇరుకవుతుంది. ఆ ఇరుకు క్రాష్‌లాగా కనిపించదు, దూరప్రయాణం చివర్లో దిగేటప్పుడు ఆగి ఆగి నడవడంలాగా కనిపిస్తుంది.

64 జీబీ కావాలంటే రెండు 32లే కొనండి, నాలుగు 16లు వద్దు. 7000 సిరీస్‌లో రెండు స్టిక్కులకు ఏఎమ్‌డీ ఇచ్చే అధికారిక వేగం 5200, నాలుగు పెడితే 3600. రెండు స్టిక్కులతో 6000 దగ్గర దాదాపు ప్రతి బోర్డూ నిలబడుతుంది, నాలుగుతో ఆ నమ్మకం లేదు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. తర్వాత బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది. దుకాణంలో అసెంబుల్ చేయించుకున్న పీసీల్లో చాలాసార్లు ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, ఇంటికి రాగానే చూసుకోండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ కోసం తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. కంగారుపడి స్విచ్ తీయకండి. 2023 మొదట్లో వచ్చిన బోర్డు ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో కొంటే బయాస్ కొత్తది వేసుకోవడం తప్పనిసరి. ఎక్స్‌పోతో ఎస్‌ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగం) వోల్టేజ్ 1.3 వోల్టులు దాటకుండా ఆపిన అప్‌డేట్లు ఆ ఏడాదే వచ్చాయి. అవి లేకపోతే ఎక్స్3డీ చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట కొనేటప్పుడు ర్యామ్ డబ్బా మీద 6000 అంకె చూసి ఊరుకోకుండా సీఎల్ ఎంతో కూడా చదవండి. సీఎల్30కీ సీఎల్40కీ మధ్య తేడా ఈ పనిలో తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డులో నేను ముందు చూసేది వీర్యామ్. 3440×1440కి 12 జీబీ అంచుమీద ఉంటుంది, 16 ఉంటే ఊపిరాడుతుంది. వీర్యామ్ నిండిపోతే టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకి పొర్లుతాయి, ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా ఒక అంకెలోకి పడిపోతుంది, అక్కణ్నుంచి మెనూ తెరవడానికే కష్టం. 8 జీబీ కార్డు ఉన్నవాళ్లు టెక్స్చర్ రిజల్యూషన్‌ను మీడియం చేసుకోవాలి, మిగతా సెట్టింగులు తగ్గించినా పెద్దగా ఫలితం ఉండదు. 4కే మానిటర్ గురించి ఆలోచించేవాళ్లు పిక్సెళ్లు లెక్కపెట్టుకోండి: 4కేలో సుమారు 83 లక్షలు, ఈ వెడల్పు తెరలో 49.5 లక్షలు, మామూలు 2560×1440లో 37 లక్షలు. కాక్‌పిట్‌లో వెడల్పు పనికొచ్చినంతగా ఎత్తు పనికిరాదు. అందుకే నా ఓటు వెడల్పు తెరకే.

డీఎల్ఎస్ఎస్ (తక్కువ స్పష్టతలో గీసిన చిత్రాన్ని కార్డే పెంచి చూపించే పద్ధతి) వాడితే పైలట్ ముందుండే ప్రధాన డిస్‌ప్లే అయిన పీఎఫ్‌డీలో పరిగెత్తే ఎత్తు, వేగం అంకెల వెనక నీడలు పడటం మొదట్లో చాలా చికాకు. 2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4 కొత్త మోడల్‌తో అది బాగా తగ్గింది. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డు అదనపు ఫ్రేములు చేర్చడం) మంచిదే కానీ అసలు ఫ్రేములు 35 నుంచి 40 వస్తున్నప్పుడు మాత్రమే. 20 ఫ్రేములను 40 చేసి చూపించినా చేతిలో యోక్ 20లాగే స్పందిస్తుంది, నేల తాకేముందు ముక్కు ఎత్తే ఫ్లేర్‌లో ఆ ఆలస్యం ఇబ్బంది పెడుతుంది.

అసలు ఎఫ్‌పీఎస్ కంటే ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సమయం చూడటం అలవాటు చేసుకోండి. నిలకడగా 33.3 మిల్లీసెకన్లకొక ఫ్రేమ్ వస్తే, అంటే 30 ఎఫ్‌పీఎస్ అయితే, కంటికి సాఫీగానే ఉంటుంది. 60కీ 38కీ మధ్య ఊగిసలాడేది దానికంటే చెడ్డగా అనిపిస్తుంది. ఆ ఊగిసలాటకు మొదటి మందు నేలను ఎంత దూరం వరకు వివరంగా గీయాలో చెప్పే టెర్రైన్ ఎల్‌ఓడీ. 200 నుంచి 100కి దించితే వివరంగా గీయాల్సిన దూరం సగమవుతుంది, వైశాల్యం నాలుగోవంతు అవుతుంది, మెయిన్ థ్రెడ్‌కి పెద్ద ఉపశమనం. పైన క్రూజ్‌లో 200 పెట్టి, దిగేటప్పుడు 100కి తగ్గించే పని ఎంఎస్ఎఫ్ఎస్ ఆటోఎఫ్‌పీఎస్ అనే ఉచిత ప్రోగ్రామ్ తనే చేస్తుంది. ఆఫ్‌స్క్రీన్ ప్రీ-క్యాషింగ్‌ను మాత్రం అల్ట్రాలో ఉంచండి, తల తిప్పినప్పుడు కుదుపు తగ్గుతుంది. ఫెనిక్స్‌లో డిస్‌ప్లేలను జీపీయూతో గీయించాలా సీపీయూతోనా అన్న ఎంపిక ఉంటుంది. మీ పీసీలో ఏది ఖాళీగా ఉందో దానికి అప్పగించండి.

ఎస్‌ఎస్‌డీ గురించి చెప్పేది తక్కువ. జెన్4 చాలు, జెన్5కి పెట్టే డబ్బు ర్యామ్‌కి పెట్టండి. సైజు మాత్రం 2 టీబీకి తగ్గొద్దు. ఎక్స్-ప్లేన్‌లో ఉపగ్రహ ఫొటోలతో ఆర్థో సీనరీ తయారుచేసుకునేవాళ్లకు అదీ చాలదు. 2024 వెర్షన్‌లో విమానాలు కూడా చాలావరకు నెట్ నుంచే వస్తాయి, సిఫారసు వేగం 50 ఎంబీపీఎస్. వైఫై మీద ఆధారపడకుండా కేబుల్ లాగండి.

వేసవి గురించి విదేశీ సమీక్షల్లో దొరకదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. గది ఎంత వేడెక్కితే లోపలి భాగాలు కూడా దాదాపు అంతే వేడెక్కుతాయి. 22 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే ప్రాసెసర్, విజయవాడ మే నెల మధ్యాహ్నం ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 86 దగ్గరుంటుంది. 7800ఎక్స్3డీ పరిమితి 89 డిగ్రీలు. అది దాటకుండా చిప్ తన క్లాక్ తనే తగ్గించుకుంటుంది, చెడిపోదు. కానీ ల్యాండింగ్ మధ్యలో వేగం తగ్గడం ఎవరికీ వద్దు. బయాస్‌లో ప్రాసెసర్ వోల్టేజ్‌ను తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 15 పెడితే వేగం పోకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. ముందు మైనస్ 10తో మొదలుపెట్టి స్థిరంగా ఉందో లేదో చూసుకోండి. ఫ్యాన్లు ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి. ఈ చిప్ ఉష్ణోగ్రత క్షణాల్లో ఎగిరి పడుతుంది, కాబట్టి ఫ్యాన్ స్పందనకు మూడు, నాలుగు సెకన్ల ఆలస్యం పెట్టకపోతే హోరు ఆగదు. ముందు జాలీని నెలకోసారి బ్రష్‌తో దులపాలి. రోడ్డు పక్క ఇళ్లలో దానికంటే తరచుగా.

కరెంటు సంగతి. లెక్కప్రకారం ఈ కార్డు 285 వాట్లు, ప్రాసెసర్ సిమ్‌లో 100 లోపే, మొత్తం పీసీ 450 వాట్ల చుట్టూ. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే మోస్తాయి, ఇంత లోడ్ మీద కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. 1100 వీఏ, 660 వాట్లది తీసుకోండి, మానిటర్‌ను కూడా దానికే తగిలించండి. ప్యూర్ సైన్‌వేవ్ అయితే మరీ మంచిది, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని పవర్ సప్లైలు సైన్‌వేవ్ కాని యూపీఎస్ మీదికి మారే క్షణంలో ఆగిపోతాయి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఎర్తింగ్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి, మూడు వోల్టుల లోపు ఉండాలి. కార్డు 16 పిన్నుల ప్లగ్గును చివరిదాకా నొక్కి, మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు వంచకుండా వదలండి. క్యాబినెట్ వెడల్పు చూసుకోకుండా కొంటే పక్క గ్లాసు ఆ తీగనే నొక్కుతుంది.

ఇక యూఎస్‌బీ. పార్టుల జాబితాలో ఎవరూ రాయరు గానీ, ఎక్కువసార్లు ప్రయాణం పాడుచేసేది ఇదే. యోక్, థ్రాటిల్, పెడల్స్, తల కదలిక పట్టే కెమెరా కలిస్తే పోర్టులు చాలవు. అడాప్టర్ ఉన్న పవర్డ్ హబ్ కొనండి, లేనిది కొనకండి. విండోస్ పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి, డివైజ్ మేనేజర్‌లో ప్రతి రూట్ హబ్‌కూ పవర్ ఆదా చేసే టిక్ తీసేయండి. లేకపోతే గంటసేపు ఆటోపైలట్ మీద వెళ్లాక అప్రోచ్‌లో యోక్ నిద్రలోంచి లేవదు. ఏ తీగ ఏ పోర్టుకో చిన్న స్టిక్కర్ అంటించండి, పోర్టు మారితే కేటాయించిన బటన్లు పోవచ్చు. జాయ్‌స్టిక్ కొత్తగా కొనేవాళ్లు అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ ఉన్నదే చూడండి. రాపిడితో పనిచేసే పొటెన్షియోమీటర్ ఉన్నవి మన దుమ్ములో వణకడం మొదలెడతాయి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే కొన్ని నెలలు సర్దుకుంటాయి, మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా చిన్న కదలికలను పట్టించుకోని డెడ్‌జోన్ 3 నుంచి 5 శాతం పెట్టుకుంటే విమానం దానంతటదే పక్కకు లాగదు.