జముకు, తప్పెట, లూపర్: నా రాక్ మిక్సర్ ఎంపిక

మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నేను వేదిక మీద ఒక్కదాన్నే ఉంటాను. జముకు మీటి లూపర్‌లో (వాయించినదాన్ని పట్టుకుని పదేపదే తిప్పి వినిపించే పరికరం) పట్టుకుంటాను, దాని మీద తప్పెట వేస్తాను, ఆ పైన గజ్జెలు, గొంతుతో ఒక శ్రుతి. అవన్నీ తిరుగుతూ ఉంటే పాట అందుకుంటాను. జముకు మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను, లూపర్ సొంతంగా.

ఎనిమిది నెలలుగా బెహ్రింగర్ ఎక్స్ఆర్18 వాడుతున్నాను. మైకుల శబ్దాలను కలిపే మిక్సర్ ఇది, రాక్‌లో, అంటే ఇనుప చట్రంలో బిగించుకోవచ్చు. దీన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే, అంతకు ముందు వినాయక చవితి పందిట్లో జరిగింది చెప్పాలి.

అప్పుడు నా దగ్గర ఉన్నది చిన్న అనలాగ్ మిక్సర్. దానికి ఎఫెక్ట్స్ సెండ్, అంటే శబ్దాన్ని బయటి పరికరానికి పంపే దారి, ఒక్కటే. ఆ సెండ్‌ను లూపర్‌కు ఇచ్చి, లూపర్ నుంచి వచ్చేదాన్ని ఇంకో ఛానెల్లోకి తెచ్చుకునేదాన్ని. ఆ రాత్రి మొదటి పొర జముకు బాగానే పడింది. రెండో పొరగా తప్పెట వేస్తుండగా శబ్దం తనంతట తాను పెరగడం మొదలైంది. నాలుగు చుట్లు తిరిగేసరికి బాక్సుల్లో ఒకటే ఊళ. ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. మైక్‌సెట్ మావయ్య పరుగున వచ్చి, "అమ్మా, ఈ కూత నీ డబ్బాలోంచే వస్తోంది, నా ఆంప్లిఫైయర్‌లోంచి కాదు" అన్నాడు.

ఆయన చెప్పిందే నిజం. లూపర్ తిరిగి వచ్చే ఛానెల్లో సెండ్ నాబ్ కొంచెం తిరిగి ఉంది. లూపర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ లూపర్‌లోకే వెళ్తోంది, ప్రతి చుట్టుకూ తన మీద తానే పేరుకుంటోంది. నాబ్ సున్నాకు తెచ్చాక కూత ఆగింది. కానీ ఇంటికి వచ్చాక తెలిసింది, అసలు ఇబ్బంది నాబ్ ఒక్కటే కాదని. ఉన్న ఒక్క సెండూ లూపర్‌కు పోతే రివర్బ్‌కు (శబ్దానికి ప్రతిధ్వని చేర్చేది) లేదు, నాకు వినిపించడానికి నా ముందున్న మోనిటర్ స్పీకర్‌కు లేదు. పైగా ఆ సెండ్ ఫేడర్ (ఛానెల్ శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) తర్వాత తీసుకునే రకం. బాక్సుల్లో గొంతు తగ్గిస్తే లూపర్‌లో కూడా తగ్గిపోతుంది.

అప్పటి నుంచి మిక్సర్ చూసినప్పుడల్లా ముందు సెండ్‌లు లెక్క పెట్టాను. ఏ శబ్దం లూపర్‌లోకి వెళ్ళాలి, ఏది వెళ్ళకూడదు, ఏది నాకు మాత్రమే వినిపించాలి అన్నవి మూడూ వేరువేరుగా నా చేతిలో ఉండాలి. లూపింగ్‌కు ఇదే ప్రాణం. ఛానెళ్ళు ఆరున్నా నాకు పర్వాలేదు.

మొదట మనసు పడింది 1యూ లైన్ మిక్సర్ల మీద. రాక్‌లో 1యూ అంటే 44.45 మిల్లీమీటర్ల ఎత్తు, 19 అంగుళాల వెడల్పు. బండి మీద పెట్టుకుని పోవచ్చు. బెహ్రింగర్ ఆర్ఎక్స్1602లో ఎనిమిది స్టీరియో ఛానెళ్ళు, ప్రతి దానికీ నాబ్‌లు, చేత్తో తిప్పడానికి హాయిగా ఉంటుంది. కీబోర్డులు, ప్రాసెసర్‌లోంచి వచ్చే గిటారు వంటివి వాయించేవాళ్ళకు అది చాలు, వాళ్ళు నాలాగా ఇంత దూరం వెతకనక్కర్లేదు. కానీ దానికి మైక్ ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని పెంచేవి) లేవు, ఈక్యూ (శబ్దంలో కింది, పై భాగాలను సర్దేది) లేదు. నావన్నీ మైకు పెట్టాల్సినవే. జముకు లోపల తోలు మధ్యలోంచి వచ్చే నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతాం. ఒక మీటు మెత్తగా ఉంటుంది, పక్కది పిడుగులా పడుతుంది. దానికి ప్రీఆంపూ కావాలి, ఆ హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసరూ కావాలి. బయట వేరే ప్రీఆంప్ కొని తగిలిస్తే 1యూ కాస్తా 3యూ అవుతుంది.

ఎలాగూ 3యూ అయితే ఎక్స్ఆర్18 కూడా 3యూనే. రాక్ చెవులు పెట్టెలోనే వస్తాయి. 16 మైక్ ప్రీఆంప్‌లు, ప్రతి ఛానెల్‌కూ విడిగా 48 వోల్టుల ఫాంటమ్ (కొన్ని మైకులకు కావాల్సిన కరెంటు), గేట్ (చిన్న చప్పుళ్ళను ఆపేది), కంప్రెసర్, ఈక్యూ, లోపలే నాలుగు ఎఫెక్ట్‌లు, ఆరు ఆక్స్ అవుట్‌లు, అంటే నాకు కావాల్సిన సెండ్‌లు. దీని తమ్ముళ్ళు ఎక్స్ఆర్12, ఎక్స్ఆర్16 కూడా చూశాను. ఎక్స్ఆర్12కు ఆక్స్‌లు రెండే. లూపర్‌కు స్టీరియోలో ఇస్తే మోనిటర్‌కు ఏమీ మిగలదు. ఎక్స్ఆర్16కు నాలుగు ఉన్నాయి, నాకు సరిపోయేవే. కానీ యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌లోకి 18 ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుకునే వీలు 18కే ఉంది. కచేరీ అయ్యాక ఏ పొర ఎక్కడ తప్పిందో ఇంట్లో కూర్చుని వినాలంటే అది కావాలి.

ఇప్పుడు నేను బిగించుకున్న పద్ధతి చెబుతాను. ఈ మిక్సర్ మీద నాకు ప్రేమ పుట్టింది ఇక్కడే. ఇందులో ఒకే మైకును రెండు ఛానెళ్ళకు ఇవ్వొచ్చు. గొంతు, జముకు, తప్పెట, గజ్జెలు 1 నుంచి 4 వరకు ఉన్నాయి. అవి జనం వినడానికి. అవే నాలుగు మైకులను సెట్టింగ్స్‌లో 9 నుంచి 12 వరకు కూడా పెట్టాను, వాటిని మెయిన్ అవుట్‌కు వెళ్ళకుండా తీసేశాను. అవి లూపర్‌కు మాత్రమే వెళ్తాయి. ప్రీఆంప్ గెయిన్ ఒకటే, కానీ ఈక్యూ, కంప్రెసర్, ఫేడర్, మ్యూట్ అన్నీ వేరు. తప్పెట లూప్‌లో పడకూడదంటే 11 మ్యూట్ చేస్తాను, జనానికి తప్పెట మామూలుగానే వినిపిస్తుంది. మిడి (వాద్య పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే పద్ధతి) ఇన్ సాకెట్ ఉంది కాబట్టి ఆ మ్యూట్‌లను కాలి కింద మిడి పెడల్‌కు ఇచ్చాను. చేతుల్లో జముకు ఉన్నప్పుడు కాలే దిక్కు.

లూపర్ నుంచి వచ్చేది 17, 18 లైన్ ఇన్‌పుట్‌లలోకి వస్తుంది. ఆ ఛానెల్ నుంచి లూపర్ బస్‌కు (లూపర్‌కు పోయే శబ్దాలన్నీ కలిసే దారి) వెళ్ళే సెండ్ పూర్తిగా కిందికి. చవితి రాత్రి తర్వాత, ప్రతి కచేరీ ముందు నేను మొదట చూసుకునేది అదే.

ఇంకో జాగ్రత్త. లూపర్‌లోకి వెళ్ళిన గొంతును అది అప్పటికప్పుడే బయటికి కూడా పంపుతుంటే, జనానికి ఒకే గొంతు రెండు దారుల్లో చేరుతుంది. మధ్యలో ఒకటి రెండు మిల్లీసెకన్ల తేడా వచ్చినా చాలు, గొట్టంలోంచి పాడినట్టు బోలుగా ఉంటుంది. లూపర్‌లో నేరుగా వచ్చే శబ్దాన్ని ఆపే సెట్టింగ్ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. మిక్సర్ ఎంత మంచిదైనా ఈ లోటును దాచలేదు.

రివర్బ్ విషయంలో చాలామంది పొరపడతారు. లూపర్‌లోకి రివర్బ్ పంపకండి. ఒక పొరకు బాగుంటుంది, అయిదో పొరకు ఒకటే రొద. నేను పొడి శబ్దాన్నే లూపర్‌కు ఇస్తాను, తిరిగి వచ్చిన 17, 18 మీద కొద్దిగా రివర్బ్ వేస్తాను. అలాగే 9, 11, 12లో దాదాపు 100 హెర్ట్‌జ్ కింద కోసేస్తాను. జనరేటర్ గుర్రు, చెక్క వేదిక మీద అడుగుల చప్పుడు, గాలి, ఇవన్నీ ఒక్క పొరలో చెవికి తెలియవు. ఆరు పొరలుగా పేరుకుంటే గడగడలాడతాయి. జముకుకు మాత్రం కోయను, దాని బలమంతా ఆ కింది భాగంలోనే ఉంది.

ఇక కష్టాలు. ఈ పెట్టె మీద ఫేడర్లు లేవు. అంతా ట్యాబ్లెట్ మీదే. చెమట చేత్తో తెర మీద వేలు జారుతుంది. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనిపించదు కూడా. నాబ్ పట్టుకుని తిప్పే ధీమా నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఒక్కో పాటకు ఒక్కో స్నాప్‌షాట్ (మిక్సర్ సెట్టింగ్‌ల నకలు) ముందే దాచుకుంటాను, వేదిక మీద ట్యాబ్లెట్ ముట్టుకునే అవసరం వీలైనంత తగ్గించుకుంటాను.

లోపలి వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్‌లోనే పని చేస్తుంది. అమ్మవారి సంబరంలో రెండు వేల ఫోన్ల మధ్య దాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మొదటి రోజు నుంచే 5 గిగాహెర్ట్‌జ్ రౌటర్ ఒకటి లాన్ కేబుల్‌తో తగిలించాను. రౌటర్ ఇనుప రాక్ లోపల కాదు, పైన పెట్టండి. పాట జరుగుతుండగా ట్యాబ్లెట్ ఆగిపోయినా మిక్సర్ శబ్దం ఆగదు, ఉన్న సెట్టింగ్ మీదే నడుస్తుంది. అది తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది.

కరెంటు 100 నుంచి 240 వోల్టుల వరకు ఎంతైనా తీసుకుంటుంది. మన పల్లెల్లో రాత్రి పూట వోల్టేజీ పడిపోయినా ఇబ్బంది లేదు. కానీ జనరేటర్ మార్చేటప్పుడు ఒక్క రెప్పపాటు కరెంటు పోయినా మిక్సర్ మళ్ళీ మొదటి నుంచి లేవాలి, లూప్ ఎలాగూ పోతుంది. మిక్సర్, లూపర్, రౌటర్ మూడింటికీ కలిపి కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకున్నాను. ఈ ఖర్చును మిక్సర్ ధరలోనే కలుపుకోండి.

మైక్‌సెట్ వాళ్ళకు నేనిచ్చేది రెండు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు) వైర్లు మాత్రమే. కాశీనగర్‌లో అయినా గుణుపురంలో అయినా వాళ్ళ మిక్సర్‌లో రెండు ఛానెళ్ళు ఖాళీ ఉంటే చాలు. వైర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఆక్స్ అవుట్‌లు ఎక్స్ఎల్ఆర్, లూపర్‌కు కావాల్సింది గిటారుకు పెట్టే పెద్ద పిన్ను. ఆ రకం వైర్లు మా ఊళ్ళో దొరకలేదు, బరంపురంలో చేయించుకున్నాను. లూపర్‌కు రెండు, అదనంగా రెండు. బస్ ఫేడర్‌ను బాగా కింద పెట్టి మొదలుపెట్టండి, ఆ అవుట్ లైన్ లెవెల్లో, అంటే గిటారు కంటే బలంగా ఉంటుంది. గిటారు కోసం చేసిన లూపర్ ఇన్‌పుట్ వెంటనే పగిలినట్టు మోగుతుంది.