ఆరేళ్లు వాడిన స్టూడెంట్ ఆర్గాన్ బాత్: ఏది నిలిచింది, ఏది సతాయించింది

ఫార్మకాలజీలో ఓనమాలు దిద్దుతున్న డిగ్రీ విద్యార్థికి మోతాదు పెంచితే స్పందన ఎంత పెరుగుతుందో కళ్లకు కట్టించాలంటే స్టూడెంట్ ఆర్గాన్ బాత్‌ను మించింది లేదు. 1904లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ మాగ్నస్ పేగు ముక్కను గోరువెచ్చని లవణ ద్రావణంలో వేలాడదీసి చూసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. బయట అక్రిలిక్ తొట్టి, అందులో హీటరు, థర్మోస్టాట్, కడిగే ద్రావణం వేడెక్కే గాజు చుట్ట, మధ్యలో టిష్యూ వేలాడే గాజు గొట్టం. గాలికి చేపల తొట్టి పంపు చాలు.

కొన్న రోజే చేయాల్సిన పని ఒకటుంది. గొట్టం మీద 25 మి.లీ. అని రాసి ఉన్నా నమ్మకండి. మీరు రోజూ నింపే గీత దాకా నీళ్లు పోసి, కొలజాడీలోకి దించి చూడండి. మాది 32 వచ్చింది. మి.లీ.కి 10 మైక్రోగ్రాముల అసిటైల్‌కోలిన్ (పేగును ముడుచుకునేలా చేసే మందు) ద్రావణం 0.1 మి.లీ. వేస్తే పడేది 1 మైక్రోగ్రాము. 25 మి.లీ.లో అది మి.లీ.కి 40 నానోగ్రాములు, 32లో అయితే 31. రికార్డులో లెక్క తప్పడానికి సగం కారణం ఇదే.

చికెన్ షాపు నుంచి అప్పుడే కోసిన కోడి పేగును చల్లని టైరోడ్‌లో (పేగును బతికించి ఉంచే లవణ ద్రావణం) వేసి తేవచ్చు. లోపలి మలినం పిపెట్‌తో మెల్లగా కడిగి, 2–3 సెం.మీ. ముక్క కోసి, రెండు చివర్లా ఒక్కో గోడకే దారం వేయాలి. నోరు మూసుకుపోయేలా కడితే మందు లోపలికి వెళ్లదు, లోపలి ద్రవం బయటికి రాదు.

ఎక్కువగా పాడయ్యేది లీవర్ (పేగు కదలికను పెద్దదిగా చేసి రాసే పుల్ల) దగ్గర. టిష్యూ దారం ఇరుసుకు 4 సెం.మీ. దూరంలో, రాసే మొన అవతలి వైపు 28 సెం.మీ. దూరంలో ఉంటే స్పందన ఏడు రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. పేగుకు 1 గ్రాము బరువు కావాలని ప్లాస్టిసిన్ (బొమ్మలు చేసే మెత్తని మట్టి) ముద్ద 1 గ్రాము తూచి మొన దగ్గర అంటిస్తారు. పేగు మీద పడేది 7 గ్రాములు! ముక్క దారంలా సాగిపోయి ఎంత మోతాదుకీ కదలదు, మందు పాతదేమోనని అనుమానిస్తారు. ముందు లీవర్‌ను సమతూకంలో నిలబెట్టి, ఆ పైన 1 గ్రామును మొన వైపే ఇరుసుకు 4 సెం.మీ. దగ్గర పెట్టాలి. తర్వాత అరగంట ఆగాలి, పది నిమిషాలకోసారి కడగాలి. ఈ అరగంటను దొంగిలించిన బ్యాచ్‌కి బేస్‌లైన్ (మందు వేయకముందు లీవర్ గీసే గీత) ఎప్పుడూ నిలవదు.

టైరోడ్ లీటరుకు: సోడియం క్లోరైడ్ 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, కాల్షియం క్లోరైడ్ 0.2, మెగ్నీషియం క్లోరైడ్ 0.1, సోడియం బైకార్బొనేట్ 1, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.05, గ్లూకోజ్ 1. కాల్షియాన్ని విడిగా కరిగించి, మిగతావన్నీ బాగా పలచబడ్డాక చివర్లో పోయాలి. ముందే పోస్తే ద్రావణం పాలలా తెల్లబడుతుంది, ఇక పారబోయడమే. గ్లూకోజ్ ఏ రోజుకారోజే.

డిజైన్‌లో నాకు నచ్చనిది గాజు చుట్ట. అందులో నిలిచే వేడి ద్రావణం ఒక్క కడుగుకే సరిపోతుంది. వరుసగా మూడుసార్లు కడిగితే మూడోది చల్లగా దిగి బేస్‌లైన్ జారుతుంది, అందుకే కడుగుకీ కడుగుకీ మధ్య కాస్త ఆగాలి. రబ్బరు గొట్టాలతో ఇంకో తంటా: అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే అట్రోపిన్ వాటికి పట్టుకుంటే మర్నాటి బ్యాచ్‌కి కూడా స్పందన తక్కువే వస్తుంది. అట్రోపిన్ ప్రయోగం ఆఖరున చేసి, గొట్టాలు మార్చేయడం మేలు. మోతాదు కూడా బాత్‌లో మి.లీ.కి 1–2 నానోగ్రాములతో మొదలుపెట్టాలి. ఎక్కువ పడితే మోతాదు–స్పందన గ్రాఫ్ కుడికి జరగడం చూసే అవకాశమే ఉండదు, రేఖ నేలకు అతుక్కుంటుంది.

తొట్టిలో కుళాయి నీళ్లు పోస్తే ఏడాదిలోనే హీటరుకు సున్నం పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటరే పోయండి. మా థర్మోస్టాట్ నాలుగో ఏట బిగుసుకుపోయింది. అప్పటి నుంచి థర్మామీటరు తొట్టిలో కాకుండా టిష్యూ గొట్టంలోనే పెట్టి 37 డిగ్రీలు చూస్తున్నాం. లీవర్ మొన గీత గీసే మసి కాగితం, ఆ గీత చెరగకుండా పూసే లక్క వార్నిష్ గురించి చెప్పేదేమీ లేదు, చేతులు నల్లబడతాయి అంతే.

బి.ఫార్మసీ సిలబస్ జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతోనే చూపించమంటోంది. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లు గ్రాఫ్ గీయడం నేర్పడానికి బాగానే పనికొస్తాయి. కానీ తెరమీది పేగు ఎప్పుడూ అలిగి కూర్చోదు. 0.1, 0.2, 0.4, 0.8 మి.లీ. వేసుకుంటూ పోతున్నప్పుడు 0.4కి వచ్చిన ఎత్తు 0.2 కంటే తగ్గితే తప్పు కడగడంలోనా, బుడగల్లోనా, దారంలోనా అని వెతకడం ఇక్కడే వస్తుంది. బుడగలు సెకనుకు ఒకటీ రెండుకు మించితే లీవర్ వణికిపోతుందని కూడా.

కొనేవాళ్లు టిష్యూ గొట్టం విడిగా ఊడొచ్చే మోడలే తీసుకోండి, రెండు గొట్టాలు అదనంగా అడగండి. అతికించి ఇచ్చే మోడల్లో గొట్టం పగిలితే తొట్టి మొత్తం మార్చాలి.