ఐదు నెలలుగా చేతికి స్మార్ట్ బ్యాండ్: గుండె లెక్క బాగుంది, నిద్ర మార్కులే నిద్ర చెడగొట్టాయి

నిద్ర పట్టడం లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతుంటే మా అక్కకి విసుగొచ్చి, "ఒక బ్యాండ్ కొనుక్కుని కొలిచి చూసుకో, నీ గోల తగ్గుతుంది" అంది. కొన్నాను. గోల తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు దానికి అంకెలు తోడయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది దాదాపుగా మణికట్టుకు కట్టుకునే వాటన్నిటికీ వర్తిస్తుంది.

ముందు బాగున్నది చెప్తా. గదిలో లైటు తీసేసి, పట్టీ కొంచెం వదులు చేసి కింద చూడండి, ఆకుపచ్చ కాంతి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, అప్పుడు సెన్సర్‌కి తిరిగొచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గుల్నే అది లెక్కపెట్టుకుంటుంది. అంతే, ఇందులో మంత్రమేమీ లేదు. మెడ దగ్గర వేళ్లు పెట్టి గడియారం చూసుకుంటూ చాలాసార్లు సరిచూశాను. కదలకుండా కూర్చున్నప్పుడు తేడా రెండు మూడుకు మించలేదు. పరిగెత్తేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు తిక్క లెక్కలు చూపిస్తుంది, పట్టీ బిగించగానే దారికొస్తుంది.

అదే బ్యాండ్ కేలరీలు కూడా చూపిస్తుంది, వాటిని మాత్రం నమ్మకండి. 2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఇలాంటివి ఏడు తీసుకుని పరీక్షిస్తే, ఆరింటిలో గుండె వేగం తేడా 5 శాతం లోపే ఉంది. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనదే 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం! గుండె వేగాన్ని అది కొలుస్తుంది. కేలరీలను మాత్రం మన వయసు, బరువు, కదలికలు చూసి అంచనా కడుతుంది. రెండూ ఒకే స్క్రీన్ మీద ఒకే సైజు అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి మనకి రెండూ ఒకటే అనిపిస్తుంది. నేను ఆ కేలరీల గడి తీసేశాను. బ్యాండ్ చూపించే రక్తంలోని ఆక్సిజన్ శాతం మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఆసుపత్రుల్లో వాడే పల్స్ ఆక్సీమీటర్లే, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా, నల్లజాతి రోగుల్లో దాన్ని పట్టుకోలేకపోవడం తెల్లవారితో పోలిస్తే దాదాపు 3 రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో తేలింది. చర్మం రంగు కాంతిని అడ్డుకుంటుంది కదా మరి.

ఇక అడుగులు. రోజుకి 10,000 అని ముందే పెట్టి ఇస్తారు. రాత్రి తొమ్మిదింటికి చెయ్యి గుర్రుమంటుంది, ఇంకా 1,800 ఉన్నాయని. మొదటి నెలంతా మంచం చుట్టూ ప్రదక్షిణలు చేశాను, సిగ్గులేకుండా చెప్తున్నా. తర్వాత తెలిసిందేంటంటే ఈ 10,000 ఏ డాక్టరూ లెక్కకట్టి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని "మాన్పో-కే" అనే పేరుతో అమ్మారు, అంటే పదివేల అడుగుల మీటరు అని. అలా అంటుకున్న అంకె ఇప్పటికీ వదల్లేదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల మీద చేసిన అధ్యయనం వచ్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో ఆ నాలుగేళ్లలో చనిపోయే ముప్పు 41 శాతం తక్కువగా ఉంది, 7,500 దగ్గరికి వచ్చాక ఆ లాభం పెరగడం ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్న అనుమానం ఎలాగూ ఉంటుంది, అయినా నా టార్గెట్ 7,000కి దించేశాను. అన్నట్టు, బ్యాండ్ కట్టుకున్న చేత్తో పళ్లు తోముకుంటే కూడా అడుగులు పెరుగుతాయి.

ఆఫీసులో అడుగుల పోటీ గ్రూపులో కూడా చేర్చారు. రెండో వారానికే ఒకాయన బ్యాండ్ తీసి పిల్లాడి కాలికి కట్టి ఆడుకోమని పంపించాడు, ఆ వారం ఫస్ట్ ఆయనే. ఒక లెక్కను లక్ష్యంగా పెట్టుకున్నాక ఆ లెక్కే పనికిరాకుండా పోతుందని బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో డబ్బు విధానాల గురించి చెప్పాడట, ఆయన మా గ్రూపుని చూసి ఉంటే ఇంకా ముందే చెప్పేవాడు. నేను బయటికొచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి, నిద్ర. దీని కోసమే కదా కొన్నది.

పొద్దున లేవగానే యాప్‌లో ఒక మార్కు వస్తుంది, వందకి ఇంత అని. కింద రంగురంగుల పట్టీల్లో గాఢ నిద్ర, తేలిక నిద్ర, కలల నిద్ర. చూడ్డానికి ల్యాబ్ రిపోర్టులా ఉంటుంది. కానీ నిద్ర దశల్ని నిర్ణయించేది మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, కండరాల బిగువు. 1953లో షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనురెప్పల కింద కళ్లు అటూ ఇటూ పరిగెత్తే దశను, అంటే ఈ కలల నిద్రను గురించి రాశారంటే, కళ్ల దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు కాబట్టే. నా బ్యాండ్ ఉన్నది మణికట్టు మీద. దానికి తెలిసేది చెయ్యి కదిలిందా లేదా, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, అంతే. మిగతాదంతా ఊహ. అందుకే ఇవి నిద్రపోయిన మనిషిని బాగానే పడతాయి గానీ, మెలకువగా ఉండి కదలకుండా పడుకున్న మనిషిని చూసి బోల్తా పడతాయి. నా సమస్యే అది! ఒకరోజు ఆఫీసు టెన్షన్‌తో రెండు గంటలు సీలింగ్ చూస్తూ పడుకున్నాను, కంటి మీద కునుకు లేదు, పొద్దున యాప్‌లో ఆ రెండు గంటలూ తేలిక నిద్ర.

అది తప్పు లెక్క, నవ్వుకుని వదిలేయొచ్చు. రెండోది నవ్వుకునేది కాదు. ఒకరోజు హాయిగా లేచాను, ఒళ్లు తేలిగ్గా ఉంది, యాప్ తెరిస్తే 58. పది గంటలకల్లా ఆవలింతలు మొదలయ్యాయి. ఇది నా పిచ్చేమో అనుకున్నా గానీ, 2014లో అమెరికాలోని కొలరాడో కాలేజీలో చేసిన ప్రయోగం చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. విద్యార్థులకి వైర్లు తగిలించి, రాత్రి మీ కలల నిద్ర ఇంత శాతం అని చెప్పారు. కొందరికి 16.2, కొందరికి 28.7. ఆ అంకెలు ఉత్తుత్తివే. తక్కువ చెప్పించుకున్నవాళ్లు ఆ తర్వాతి పరీక్షలో వెనకబడ్డారు, నిజంగా వాళ్లెలా నిద్రపోయారన్న దానితో సంబంధం లేకుండా. 2017లో నిద్ర నిపుణులు దీనికి దగ్గరి జబ్బుకి "ఆర్థోసోమ్నియా" అని పేరే పెట్టారు, అంటే మంచి నిద్ర మార్కుల కోసం తాపత్రయపడి ఉన్న నిద్ర పోగొట్టుకోవడం. ల్యాబ్‌లో పరీక్ష చేసి బాగానే నిద్రపోయారని చెప్పినా, మరి నా బ్యాండ్ అలా ఎందుకు చెప్తోంది అని అడిగినవాళ్లు కూడా ఉన్నారట. నేను అడగలేదు గానీ, అడిగే రకమే.

అందుకని ఒక పని చేశాను. దిండు పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ఫోన్ ముట్టుకోకముందే నా నిద్రకి నేనే పదికి మార్కు వేసుకుని, ఆ తర్వాత యాప్ చూసేదాన్ని. మూడు వారాల్లో మా ఇద్దరి మార్కులు దగ్గర దగ్గరగా వచ్చింది నాలుగు రోజులే. సాయంత్రం వరకు ఎలా ఉన్నానో కూడా రాసుకున్నా, దానికి దగ్గరగా ఉన్నది నోట్‌బుక్కే. ఆ స్కోరు కనబడకుండా చేద్దామంటే సెట్టింగ్స్‌లో నాలుగు మెనూల లోపల దాచారు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే మంచి నిద్రకి ఎనిమిది చిట్కాలు పంపారు.

అయినా బ్యాండ్ తీసెయ్యలేదు, రెండు కారణాలు. ఒకటి, నేను పడుకున్న టైమూ లేచిన టైమూ అది దాదాపు సరిగ్గానే రాస్తుంది. నెల రోజులవి ఒకేసారి చూస్తే పడుకునేది ఆఫీసు రోజుల్లో పదకొండింటికి, సెలవుల్లో రాత్రి రెండింటికి. ప్రతి వారం వేరే టైమ్ జోన్‌కి పోయి వస్తున్నట్టే కదా, దీన్ని 2006 నుంచి "సోషల్ జెట్‌లాగ్" అంటున్నారు. ఇప్పుడు సెలవు రోజు కూడా అదే టైముకి లేస్తున్నాను, ఆదివారం రాత్రి దొర్లడం చాలావరకు తగ్గింది. రెండోది, మొన్న నెలలో ఒక రాత్రి, విశ్రాంతిలో ఎప్పుడూ 62 దగ్గర ఉండే గుండె వేగం 71 చూపించింది. ఏదో పొరపాటనుకున్నా. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం.

పట్టీ గురించి ఒక మాట, తడిసినప్పుడు తీసి తుడుచుకోకపోతే కింద చర్మం ఎర్రబడుతుంది. ఛార్జింగ్ వారం వస్తుందన్నారు, నాకు ఐదు రోజులు వస్తోంది. నడక, గుండె వేగం కోసమైతే కొనుక్కోండి. నిద్ర పట్టడం లేదని కొనేవాళ్లు మాత్రం ముందు ఒక నెల నోట్‌బుక్‌తో ప్రయత్నించండి, గురక ఎక్కువై మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టుంటే రెండూ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఐదుకి మూడు ఇస్తున్నా.