కారు ఆపడమే చెల్లదన్న లాయర్: నాలుగు స్టార్లు

డాలస్ దగ్గర ఉంటాను, హెచ్1బీ మీద. 2023 డిసెంబరులో ఫ్రెండ్ గృహప్రవేశం నుంచి వస్తూ డీడబ్ల్యూఐలో, అంటే తాగి కారు నడిపిన కేసులో, దొరికాను. ఊదితే 0.11 వచ్చింది, ఇక్కడ హద్దు 0.08. తాగే నడిపాను, బుకాయించను. అందుకే ఈ లాయర్ కన్నా ముందు కలిసిన ఇద్దరు లాయర్లు తప్పు ఒప్పేసుకుని శిక్ష తగ్గించుకుందామంటే తల ఊపేశాను.

ఈయన రీడింగ్ సంగతే ఎత్తలేదు. "అసలు మిమ్మల్ని ఎందుకు ఆపారు?" అన్నారు. అదేం ప్రశ్న అనిపించింది. హైదరాబాద్‌లో శనివారం రాత్రి బారికేడ్లు పెట్టి ఎవరొస్తే వాళ్లతో ఊదిస్తారు, కారణం ఎవరడుగుతారు? టెక్సస్‌లో ఆ పద్ధతి లేదట. ఫలానాది చూసి అనుమానం వచ్చిందని పోలీసు చెప్పగలగాలి. నా రిపోర్టులో ఉన్న కారణం ఒక్కటే: కుడి టైరు రెండుసార్లు గీత దాటింది. ఈయన 2022 నాటి హార్డిన్ తీర్పు తీశారు. టైరు గీత దాటితే చాలదు, ఆ దాటడం ప్రమాదకరంగా ఉండాలని టెక్సస్ క్రిమినల్ అప్పీల్స్ కోర్టు అందులో చెప్పింది.

లైసెన్సు సస్పెండ్ కాకుండా ఉండాలంటే హియరింగ్ 15 రోజుల్లోపు అడగాలి. వీళ్లు మర్నాడే అడిగారు. ఆ హియరింగ్‌కి పోలీసును పిలిపించి, ప్రమాణం మీద ఒకటే అడిగారు: పక్క లేన్లో ఎవరైనా ఉన్నారా? లేరన్నాడు. అప్పుడు నాకు దాని విలువ తెలియలేదు. తొమ్మిది నెలల తర్వాత కోర్టులో అతని మాట అతని ముందే పెట్టి, పోలీసు కారు డాష్‌క్యామ్ వీడియో వేశారు. రోడ్డంతా ఖాళీ. ఆపడం చెల్లదు కాబట్టి తర్వాత దొరికిన సాక్ష్యమూ చెల్లదన్నారు జడ్జి. రీడింగ్ పోయాక ఇంకేముంది, కేసు డిస్మిస్ అయింది.

ఫీజు ఆరు వేల డాలర్లు, రెండు వాయిదాల్లో. ఫోన్ చేస్తే అసిస్టెంటే ఎత్తుతుంది. దానికి స్టార్ తగ్గించలేదు.

తగ్గించింది వీసాకి. శిక్ష పడక్కర్లేదు, అరెస్టయితే చాలు వీసా రద్దు చేయొచ్చన్న ముక్క ఎవరూ చెప్పలేదు. జనవరిలోనే వీసా రద్దయిందని ఈమెయిల్ వచ్చింది. అడిగితే "అది ఇమిగ్రేషన్, మాది కాదు" అన్నారు. ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు గానీ, దేశం దాటితే తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగే (కాన్సులేట్‌లో కొత్త వీసా), పైగా మెడికల్ టెస్టు. కేసు కొట్టేసినా పాత వీసా తిరిగి రాదు. ఫిబ్రవరిలో చెల్లి పెళ్లికి కొన్న టికెట్లు క్యాన్సిల్ చేసుకుని, తాళి కట్టడం ఫోన్‌లో చూశాను.

వీసా మీద ఉన్నవాళ్లు ఈయన్ని పెట్టుకుంటే, అదే వారం ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా విడిగా కలవండి.